రోడ్డు దిగిన రాగి

ఆ ఏడు మా చేలో రాగి విరగపండింది. అది చూసి నాకు మొదట వచ్చింది సంతోషం కాదు, కోపం.

మూడెకరాల పైరూ ఒకే ఎత్తున నిలబడి, ఎన్నులు పిడికిళ్ళలా ముడుచుకుని, బరువుకు తలలు వంచింది. పదిహేనేళ్ళలో ఇంత పంట చూడలేదని దారిన పోయేవాళ్ళు గట్టు మీద ఆగి మరీ చెప్పి పోయేవారు. నా భార్య భాను ఉన్నన్నాళ్ళూ రాని వాన, భాను పోయిన ఏడాది పైరు అడిగినప్పుడల్లా వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో నాకు తెలియలేదు. దేవుడితో నేను గొడవ పడలేదు. మాటలు మానేశాను, అంతే.

నా పేరు శ్రీనివాసమూర్తి. కెంచార్లహళ్ళికి దగ్గర్లో ఒక సర్కారీ బడిలో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. కన్నడంలో పాఠం చెప్పి, తెలుగులో ఇల్లు నడుపుకునే మనిషిని. ఊళ్ళో అందరికీ మేష్ట్రుని.

మా వైపు రాగి కోత అయ్యాక కట్టలు విప్పి తారురోడ్డు మీద పరుస్తారు. లారీలు, బస్సులు, పాలవ్యాన్లు వాటిని తొక్కుకుంటూ పోతాయి. సాయంత్రానికి గింజ రాలుతుంది. గడ్డి ఎత్తేసి, గింజ ఊడ్చుకుని ఇంటికి తెచ్చుకుంటాం. ఊళ్ళో ఎద్దులు లేవు. కూలీలు దొరకరు. కళ్ళం చేసే ఓపిక ఎవరికీ లేదు. రోడ్డయితే ఎవరి చక్రాలో మన పని చేసిపెట్టి పోతాయి. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు.

అంతకు ముందటి డిసెంబరులో ఒక ఉదయం నేనూ మా అమ్మ అక్కయమ్మా రోడ్డు మీద రాగి పరుస్తున్నాం. పరిచే చోటు అయిపోయింది, కట్టలు ఇంకా మిగిలాయి. ముందర రోడ్డు వంపు తిరుగుతుంది.

"వంపు కాడ వద్దేమోప్పా," అంది అమ్మ.

నాకు బడికి టైమయిపోతోంది. "తావుండాది కదమ్మా, ఆడా పరిచేద్దాం," అన్నాను.

పరిచాం. నేను బడికి వెళ్ళిపోయాను. పది గంటలకు భాను చింతామణిలో అంగన్‌వాడి మీటింగుకని స్కూటరు మీద బయలుదేరింది. మంచుకు తడిసిన గడ్డి మీద వంపు దగ్గర చక్రం జారింది. ఎదురుగా ఏ బండీ రాలేదు. ఎవరూ గుద్దలేదు. కల్వర్టు రాయికి తల తగిలింది. చిక్కబళ్ళాపురం ఆసుపత్రి చేరేలోపు అయిపోయింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఆశా గుమ్మంలో నిలబడి ఒకే ఒక ప్రశ్న అడిగింది. తను చింతామణిలో బీఎస్సీ చదువుతోంది. ఏడవడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

"వంపు కాడ ఎవరు పరిచింది?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది. "నేనేమ్మా. మీ నాయన వద్దంటాన్నా వినకుండా నేనే పరిచినా."

అప్పుడే నేను చెప్పవలసింది. చెప్పలేదు. మూడో రోజు చెబుదామనుకున్నాను. పదకొండో రోజు చెబుదామనుకున్నాను. చూస్తుండగా పదకొండు నెలలయింది. ఆ పదకొండు నెలలూ ఆశా అవ్వతో ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ చేసిన రాగి ముద్ద తినేది. అవ్వ మడిచిపెట్టిన బట్టలు కట్టుకునేది. మాట మాత్రం లేదు. ఏదైనా కావాలంటే నాతో చెప్పేది. అమ్మ పక్కనే ఉన్నా, నేను మళ్ళీ అదే మాట అమ్మతో చెప్పాలి. మా అమ్మ ఆ శిక్షను రోజూ వేసుకునే బీపీ మాత్రలా నీళ్ళతో మింగేసేది.

ఊరు మాత్రం భాను చావుకు ఎప్పుడో పేరు పెట్టేసింది. రాత. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ అదే మాట అన్నారు. నేను తల ఊపాను. ఆ మాట నాకు ఎంత అనుకూలంగా ఉందో నాకొక్కడికే తెలుసు.

కోత అయిపోయి కట్టలు వామి వేసిన రోజు సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. పితికిపప్పు కాలం మొదలయింది. రెండు వేళ్ళ మధ్య గింజను నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతుంది. ఆమె కన్ను గిన్నె మీద లేదు, వామి మీద ఉంది.

"శీనా, ఈసారి రోడ్డు మీదికి పొయ్యేది లేదు," అంది. "కళ్ళం చేద్దాం. రాశి పోద్దాం."

కళ్ళం అంటే చేలోనే చదును చేసి, పేడతో అలికి, రాగి తొక్కించే నేల. తూర్పార పట్టిన గింజ అక్కడే కుప్ప పోసి, దాని నెత్తిన పేడతో చేసిన వినాయకుణ్ణి కూర్చోబెట్టి, పూజ చేసి, అప్పుడు గానీ కొలవరు. అదే రాశి. నా చిన్నప్పుడు చూశాను. ఊళ్ళోకి తారురోడ్డు వచ్చాక ఎవరూ పోయలేదు.

"ఇప్పుడు రాశి యాలమ్మా?"

"యాలంటే ఏం చెప్పేది? రోడ్డు మీద దేవుడు యాడ కూర్చుంటాడప్పా? ఇరవై ఏండ్లాయె, పండిన పంటకి దండం పెట్టేదానికి తావే లేకపాయె. లారీ చక్రం కింద గింజ, చీపురుతో ఊడ్చుకొని వచ్చేది. దొంగలు మాదిరి."

"అందుకని దేవుడు భానుని తీసుకున్నాడంటావా?" నా గొంతు నేను అనుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది.

అమ్మ చెయ్యి ఆగింది. "అట్లంటే నా నోట్లో పురుగులు పడవా?" అంది. "ఆయప్ప తీసుకుంటాడో, ఇస్తాడో నాకేం తెలుసు. నేను చదివినదాన్నా? కూర్చునేదానికి తావు చెయ్యల్ల. అది మన పని. వచ్చేది రానిది ఆయప్ప ఇష్టం."

గింజలు మళ్ళీ గిన్నెలోకి దూకసాగాయి. పదకొండు నెలలుగా అడగని మాట అప్పుడు అడిగాను.

"అమ్మా, ఆ పొద్దు యాల అట్ల చెప్తివి? నువ్వు పరిచినావని?"

అమ్మ ఆశ్చర్యపోలేదు. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న కోసం చూస్తున్నట్టే ఉంది. "ఆ బిడ్డకి అమ్మ పాయె," అంది. "అదే పొద్దు నాయన గూడా పోతే ఎట్లప్పా? అవ్వ పోతే ఏమి? అవ్వలు ఎట్లా పొయ్యేవాళ్ళే కదా."

తెల్లవారి పాల డైరీ దగ్గరికి వెళ్ళాను. మా ఊళ్ళో ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే అదే చోటు. పొద్దున ఆరింటికి ఊరంతా పాలు పట్టుకుని వరసలో నిలబడుతుంది. సెక్రెటరీ నాగేశ్ కిటికీలో కూర్చుని పాలు కొలిచి, మిషన్లో వెన్న చూసి చీటీ ఇస్తాడు. ఆ రోజు వరసలో ఆశా కూడా ఉంది, చేతిలో మా ఇంటి క్యానుతో.

"బోరు పక్కన పది గుంటల చేలో టమాటా పెట్టేది మానుకున్నాను," అన్నాను. "ఆడ కళ్ళం చేస్తాను. ఎవరన్నా వచ్చి తొక్కించుకోవచ్చు. ఈసారి ఎవరమూ రోడ్డు మీద పరచొద్దు."

ముందు నవ్వింది బైరప్ప. ఆరెకరాల రాగి అతనిది; ఊళ్ళో పెద్ద వామీ, పెద్ద ట్రాక్టరూ అతనివే.

"మేష్ట్రుకి లెక్కలు బాగ వస్తాయి గానీ సేద్యం లెక్క రాదు. తొక్కేదానికి ఎద్దులు యాడుండాయప్పా? ఎద్దుని చూడల్లంటే ఇప్పుడు ఫోన్లో చూడల్ల."

"లారీవాడయితే కూలి అడగడు సార్, కాఫీ గూడా అడగడు," అన్నాడు నాగేశ్ కిటికీలోంచి.

లక్ష్మణప్పకు ఎనభై దాటాయి. చేతికర్ర మీద బరువు మార్చి, "అడగడు, కరెక్టే," అన్నాడు. "సగం గింజ కాలవలోకి పోతాది, సగం రాళ్ళు ఇంటికొస్తాయి. మా కోడలు ముద్ద చేస్తే తారు వాసన. నేనేమో పాపం ఆయమ్మకి వంట రాదని తిట్టుకుంటాండా."

వరసంతా నవ్వింది. ఆ నవ్వులోనే బైరప్ప అన్నాడు. చెడ్డ మనసుతో అనలేదు, అది నేను ఈరోజు కూడా చెప్పగలను.

"అదికాదు మేష్ట్రూ. భానమ్మ రాత అట్లుండె. దేవుడు రాసిందాన్ని కళ్ళం చేసి తుడిచేస్తామా? ముసిలామెకి వయసాయె, తెలీక వంపు కాడ పరిచె. దానికి ఊరంతా కష్టపడల్లంటే ఎట్ల?"

ఆశా తల వంచుకుని క్యాను మూత తిప్పుతోంది. బిగుతుగా ఉన్న మూతను ఇంకా బిగిస్తోంది.

"రాసింది దేవుడు కాదు బైరప్పా," అన్నాను. "పరచమన్నది నేను. వంపు కాడ వద్దని మా అమ్మ చెప్పింది. బడికి టైమయిందని నేను పరచమన్నాను. చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్ళూ మా అమ్మతో మోయించాను."

మిషను ఒకసారి కుయ్‌మంది. నాగేశ్ అలవాటు కొద్దీ, "నాలుగు పాయింటు రెండు," అన్నాడు.

అది మా పాలదే. ఆశా చీటీ తీసుకుని, ఖాళీ క్యాను పట్టుకుని, నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

ఆ రోజు తను కాలేజీకి పోలేదు. సాయంత్రం నేను బడినుంచి వచ్చేసరికి పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"పదకొండు నెలలు నాన్నా," అంది.

నేను నిలబడే ఉన్నాను.

"అమ్మని దేవుడు తీసుకుపోయాడో, గడ్డి తీసుకుపోయిందో, నాకు తెలీదు. నువ్వు ఆడ పరచకపోయినా అమ్మ పోయుండునేమో, అదీ తెలీదు. అవ్వని మాత్రం నా కాడనించి తీసుకునింది నువ్వే. జ్వరమొచ్చి నేను పడుకుంటే రాత్రంతా అవ్వ కూర్చునింది. నేను గోడకి తిరిగి పడుకున్నా. ఆ రాత్రి ఎవరిస్తారు నాకు?"

"ఎవరూ ఇయ్యలేరమ్మా," అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పాను. ఆ సాయంత్రం చెప్పినంత నిజమైన జవాబు ఎప్పుడూ చెప్పలేదు. తను లోపలికి వెళ్ళింది. వంటింట్లో అమ్మ ఉంది. గిన్నెల చప్పుడు వినిపించింది, మాట వినిపించలేదు. ఎన్నాళ్ళో వాడని బావి మోటరు లాంటిదే మాట కూడా. స్విచ్చు వేయగానే నీళ్ళు రావు.

మర్నాడు ఆదివారం. నేను పార తీసుకుని బోరు దగ్గరికి వెళ్ళేసరికి లక్ష్మణప్ప అప్పటికే అక్కడ ఉన్నాడు. ఎవరూ పిలవలేదు.

"టమాటా నారు పెట్టినట్ల కళ్ళం చెయ్యలేవు మేష్ట్రూ," అన్నాడు. "ముందర రాళ్ళు ఏరు. ఆనక నీళ్ళు పెట్టు. మడికి పెట్టినట్ల కాదు, చిలకరించు. నేల తాగల్ల, మునగరాదు."

ఆయన కర్రతో చూపిస్తూ పోయాడు, నేను చేస్తూ పోయాను. పది గుంటల నేలలో అన్ని రాళ్ళుంటాయని నాకు తెలియదు. మధ్యాహ్నానికి నా చేతులు బొబ్బలెక్కాయి. తడి నేల మీద పొట్టు చల్లి అణగదొక్కాలి. నేల బిగిసేదాకా రాతి గుండు దొర్లించాలి. నాలాంటివాళ్ళు నలుగురు తోసినా కదలని గుండు అది. ఊళ్ళో మిగిలింది ఒకటే. పంచాయితీ ఆఫీసు ముందు పదేళ్ళుగా బెంచీలా పనికొస్తోంది.

"దాన్ని లాగేదానికి యాడ పోదాం?" అన్నాను.

"నాలుగు ఎద్దులు కావల్ల," అన్నాడు లక్ష్మణప్ప. "లేకపోతే ఒక బైరప్ప."

ఆ మాటకు నేను నవ్వలేకపోయాను. ఇద్దరం ఆ సాయంత్రం అక్కడితో ఆపేశాం.

సోమవారం బడికి సెలవు పెట్టాను. ఎనిమిదింటికి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. బైరప్ప. వెనకాల గొలుసుకు కట్టిన గుండు, దుమ్ము లేపుకుంటూ దొర్లుతూ వస్తోంది.

"డీజిలు నాది, కళ్ళం నీది," అన్నాడు సీటు మీదినుంచి. "పంచాయితీ ఆఫీసు కాడ కూర్చునేవాళ్ళు కొన్ని దినాలు నిలబడల్ల. ఊరికి మంచిదే, కొంచెం పని జరుగుతాది."

ఇంజను ఆపి కిందికి దిగాడు. గొలుసు విప్పి, గుండుకు ఇనుప చట్రం తగిలించడానికి వంగాడు. నేను రెండో పక్క పట్టుకున్నాను. మా తలలు దగ్గరగా ఉన్నాయి. అతను నా వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఆ పొద్దు మీరు పరిచిన రాగిని ఆనుకొని నాదీ ఉండె మేష్ట్రూ. మీది యాడ అయిపాయెనో, నాది యాడ మొదలాయెనో, గుర్తు పెట్టుకునిందెవరు? నేను పోయి చూసినా. చక్రం గీత నా గడ్డి మీద గూడా ఉండె." బోల్టు బిగించాడు. "ఇన్ని దినాలూ రాత, రాత అని ఊరంతా చెప్పుకొని తిరిగినా. రాసినోడు విని ఏమనుకున్నాడో."

ఏడాదిగా నాదొక్కడిదే అనుకున్న బరువుకు ఇంకొక భుజం తగిలింది. అది తేలికయిందని చెప్పను. ఎత్తడానికి వీలయింది.

బైరప్ప ట్రాక్టరు ఎక్కి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. ట్రాక్టరు ఉన్న చోటికి జనం వస్తారు. జనం ఉన్న చోటికి ఇంకా జనం వస్తారు. సాయంత్రానికి పదునాలుగు ఇళ్ళవాళ్ళు కళ్ళం గట్టు మీద నిలబడి ఎవరి రాగి ముందు, ఎవరిది వెనక అని వాదించుకుంటున్నారు. మొన్న డైరీలో నవ్వినవాళ్ళే. "మా నాయన చేసిన కళ్ళం చూసుంటే ఇట్ల అనవు," అని ఒకరు. "మీ నాయన కళ్ళంలో కంటే గట్టు మీద పడుకునిందే ఎక్కువ," అని ఇంకొకరు. లక్ష్మణప్ప మధ్యలో నిలబడి కర్రతో నేలను తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. గట్టి చప్పుడు వచ్చిన చోట తల ఊపి ముందుకు పోతున్నాడు. పుచ్చకాయలు బేరమాడే మనిషిలా ఉన్నాడు.

మంగళవారం అలకడం. ఊళ్ళో ఆడవాళ్ళు బక్కెట్లలో పేడనీళ్ళు తెచ్చి వరసగా వంగారు. ఎదురుచూడని మనిషి ఒకరు ఆ వరసలోకి వచ్చారు. ఆశా కాలేజీ బట్టల మీదే చున్నీ నడుముకు చుట్టుకుని, బక్కెట్టు మోసుకుని వచ్చి అవ్వ పక్కన వంగింది. వరసలో ఖాళీ ఉన్నది అక్కడే. అలికే చెయ్యి నేల మీద అర్ధచంద్రం గీస్తుంది. అమ్మ గీసిన చంద్రం అంచు మీదికి ఆశా చంద్రం ఎక్కింది. ఇద్దరూ వెనక్కి అడుగులు వేసుకుంటూ పోయారు. మాటల్లేవు. కళ్ళం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఆ రెండు వరసల చంద్రాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

భాను సంవత్సరీకం ఆ వారంలోనే వచ్చింది. ఇంట్లోనే క్లుప్తంగా చేశాం. దేవుడి గూట్లో దీపం అమ్మ పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.

తర్వాతి రోజు కళ్ళంలో రాగి దిగింది. గుండు తిరుగుతోంది, గడ్డి కింద గింజ సన్నగా రాలుతోంది. ఇల్లు తర్వాత ఇల్లు. మొదటి రెండు రోజుల్లో ఎనిమిది ఇళ్ళవి తూర్పార పట్టేశాం. గాలి కూడా అడిగిన పక్కనుంచి వీచింది. మూడో రోజు శనివారం. బైరప్పదీ ఇంకా నలుగురిదీ తొక్కించి, మధ్యాహ్నం మా కట్టలు దించేసరికి తూర్పున ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. ఫోన్లు మోగడం మొదలయింది. చెన్నై దగ్గర వాయుగుండం, సాయంత్రానికి మా వైపు వాన.

మూడెకరాల రాగి కట్టలు విప్పి నేల మీద ఉంది. తడిసిందంటే మొలకెత్తుతుంది. కళ్ళంలో ఒక ట్రాక్టరు, ఒక గుండు. టైము మూడయింది.

నాగేశ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, సగం రోడ్డు మీదికి ఎత్తేద్దాం. ఒక్క రెండు గంటలు. ఇసక లారీలు వచ్చే టైము, గబగబ అయిపోతాది. ఎవరూ ఏమీ అనుకోరు సార్, మీ రాగి కదా."

అందరూ నా వైపు చూశారు. వాళ్ళ చూపుల్లో ఎగతాళి లేదు. నిజంగా నా రాగి పోతుందనే భయం ఉంది. నాకు కూడా ఆ భయం ఉంది. అబద్ధం చెప్పను, ఒక్క నిమిషం నా కళ్ళు రోడ్డు వైపు పోయాయి.

"ఒక్క పరక గూడా పోదు నాగేశన్నా." ఆశా గొంతు. చేతిలో కర్రతో గడ్డి మధ్యలో నిలబడి ఉంది. "తడిస్తే తడవనీ. మొలకొస్తే మొలకల ముద్ద తింటాం. రోడ్డు మీదికి మాత్రం పోదు."

బైరప్ప తలగుడ్డ బిగించి కట్టాడు. "విన్నారు కదా?" అని అరిచాడు. "నిలబడి ఏం చూస్తాండారు? మేష్ట్రు ఇంట్లో మొలకల ముద్ద తినేదానికి నేను పోను. పట్టండి!"

ఆ తర్వాత మూడు గంటలు నేను నా జీవితంలో మరిచిపోను. ఇంకో రెండు ట్రాక్టర్లు వచ్చాయి. వాటికి గుండ్లు లేవు, చక్రాలతోనే తిరిగాయి. మగవాళ్ళు గడ్డి తిరగేస్తుంటే ఆడవాళ్ళు వెనకాలే గింజ కుప్పలు లాగారు. ఎవరి రాగి అన్న మాటే లేదు. తమది ఇంటికి చేర్చుకున్నవాళ్ళు కూడా తిరిగి వచ్చారు. గాలి పెరిగింది. అదే గాలికి చేటలెత్తి తూర్పార పట్టారు. వానను తెచ్చే గాలే మా పొట్టు ఎగరగొట్టింది. "పాడు గాలి, పనికొచ్చె!" అని ఎవరో కేక వేశారు. కప్పడానికి పట్టలు చాలకపోతే నాగేశ్ డైరీ గోదాములోంచి కిందటి ఎన్నికల ఫ్లెక్సీలు మోసుకొచ్చాడు. చేతులు జోడించి నవ్వుతున్న నాయకులు మా రాగి మీద వెల్లకిలా పరుచుకున్నారు.

"అయిదేండ్లలో వీళ్ళు చేసిన పని ఇదొక్కటే," అన్నాడు లక్ష్మణప్ప.

చివరి ఫ్లెక్సీ అంచు మీద రాయి పెట్టి నేను లేచేసరికి మొదటి చినుకు నా మెడ మీద పడింది. జనం ఒక్కసారిగా అరిచారు. క్రికెట్టు గెలిచినప్పుడు అరిచినట్టు అరిచారు. బైరప్ప నన్ను ఎత్తబోయి, నడుం పట్టుకుని, వద్దులే అని దించేశాడు. మేమంతా ఆ వానలో తడుస్తూ నిలబడి నవ్వాం. నేను నవ్వుతున్నానని కొంచెం ఆలస్యంగా తెలిసింది.

రాత్రికే వాన తేలిపోయింది. ఆదివారం పొద్దున ఎండ చురుక్కుమంది. పట్టలు తీస్తే గింజ పొడిగా, వెచ్చగా ఉంది.

అమ్మ రాశి పోసింది. నడుమెత్తు కుప్ప, ఎర్రటి సన్న గింజ. చుట్టూ బూడిదతో గీత గీసింది. పేడతో ముద్ద చేసి, గరిక గుచ్చి, కుప్ప నెత్తిన కూర్చోబెట్టింది. ఆ గీత లోపలికి చెప్పులతో రారు. కొలిచేటప్పుడు లెక్క చెప్పే గొంతు తప్ప వేరే గొంతు వినిపించకూడదు. ఊరంతా గట్టు మీద నిలబడింది. పిల్లలూ, పాతికేళ్ళలోపు వాళ్ళూ ఇది మొదటిసారి చూస్తున్నారు.

తూకానికి డైరీ కాటా ఉంది. కానీ మొదటి యాభై కొలతలు మాత్రం చేత్తో కొలవాలని అమ్మ పట్టు. రెండు సేర్లు పట్టే ఇత్తడి కొలపాత్ర, బళ్ళ, ఆమె చేతిలో ఉంది. లెక్క చెప్పేది ఇంటి పెద్ద. నేను ముందుకు రాబోయాను.

అమ్మ నన్ను దాటి చూసింది. "నువ్వు చెప్పమ్మా," అంది ఆశాతో.

లక్ష్మణప్ప వంగి, ఆశా చెవిలో గుసగుసగా అన్నాడు. "మొదటిదాన్ని ఒకటి అనరాదు. లాభం అనల్ల. రెండోదాని నుంచి లెక్క."

అమ్మ బళ్ళ నింపి ఎత్తి పట్టుకుంది. లెక్క పలికితేనే సంచిలో పోయాలి. ఆశా పలకలేదు. డెబ్బై రెండేళ్ళ చేతుల్లో నిండు బళ్ళ వణికింది. అంచునుంచి కొన్ని గింజలు జారి కుప్పలో కలిశాయి. నేను చెప్పేయనా అనిపించింది. నోరు మూసుకున్నాను. ఏడాదిలో మొదటిసారి నా మౌనం సరైన చోట ఉంది. రోడ్డు మీద బస్సు ఒకటి చింతామణి వైపు పోయింది. వాన కడిగిన తారు నల్లగా, నున్నగా మెరుస్తోంది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒక్క పరక లేదు. వంపు దగ్గర కూడా బస్సు వేగం తగ్గలేదు.

"లాభం, అవ్వా."

బళ్ళ వంగింది. గింజ సంచిలోకి జారింది.

"రెండు, అవ్వా."

లెక్కలో అవ్వా అనే మాట ఉండదు. లక్ష్మణప్ప దిద్దబోయి, మానుకున్నాడు.

"మూడు, అవ్వా. నాలుగు, అవ్వా."

అమ్మ తల ఎత్తలేదు. నింపడం, ఎత్తడం, పోయడం. చెంపల మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పదకొండు, అవ్వా. పన్నెండు, అవ్వా. గట్టు మీద బైరప్ప తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, దుమ్ము పడిందని ఎవరితోనూ చెప్పకుండానే.

భాను ఎందుకు పోయిందని ఏడాదిగా నేను అడుగుతున్న ప్రశ్నకు ఆ రోజు కూడా జవాబు రాలేదు. వస్తుందని ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ ఆ గీత లోపల, ఆ ఎర్రటి కుప్ప నెత్తిన, ఎవరో కూర్చోవడానికి తావు ఉంది. అది మేమంతా కలిసి చేసిన తావు. నేను రెండు చేతులూ జోడించాను. ఏమీ అడగలేదు.

"యాభై, అవ్వా!"

అమ్మ బళ్ళ దించి, నడుం పట్టుకుని నిలబడింది. ఇక మాట్లాడవచ్చు. ఆమె మనవరాలి ముఖంలోకి చూసింది.

"గొంతు ఎండిపాయె కదమ్మా," అంది. "పోయి నీళ్ళు తాగు పో."

"రాశి ఇంకా అట్లనే ఉండాది కదవ్వా," అంది ఆశా, కొత్త సంచి మూతి విప్పి పట్టుకుంటూ. "ఇంకొక బళ్ళ పొయ్యి."